హొన్నమ్మ మాట కింద పచ్చగీత

5 జూన్ 1998, శుక్రవారం

అర్జీ తిరిగొచ్చింది. హొన్నమ్మ పల్లెకు తాగునీళ్ళ బోరు వెయ్యమని ఉగాదికి ముందు నేను రాసిచ్చిన నాలుగు పేజీల అర్జీ, మడత కూడా నలగకుండా, పోయిన మాదిరే వచ్చింది. దానికి గుండుసూదితో ఒక చీటీ. ఒక పేజీకి మించితే చూడరంట. చేతిరాత కూడదంట. ఇంగ్లీషులోనే ఉండాలంట. బెంగళూరు పెద్దాఫీసుకు కొత్తగా వచ్చిన ఆఫీసరు, ఆయప్ప ఉత్తరాది వాడంట, కన్నడం రాదంట.

ముప్పై ఏండ్లుగా పావగడ తాలూకాఫీసు ముందర కుర్చీ మేజా వేసుకొని అర్జీలు రాస్తాండాను. రైటరు సంజీవప్ప రాస్తే పనయినట్లే అని హొసకోట నుంచి కూడా జనం వస్తారు. మడత నలగలేదంటే చదవలేదనే కదా. నా రాతను చదవకుండా పంపిచ్చే మొగోడు ఎవుడప్పా వాడు!

హొన్నమ్మ మేజా పక్కన కింద కూచోని ఉన్నింది. మంగళవాడ అవతల ఇరవై ఎనిమిది ఇండ్ల పల్లె ఆమెది. పల్లెలో యాడ తవ్వినా ఉప్పునీళ్ళే. తాగే నీళ్ళుండేది బొమ్మన్న చేని మూలలో పాడుబడిన బావి ఒక్కదాంట్లోనే. ఈ కరువుకు అది కూడా అడుక్కు పోయింది. మెట్లు కూలిపోయినాయి, రాళ్ళు పట్టుకొని దిగి చెంబుతో తోడుకోవాల. శివరాత్రికి ముందు ఆమె కోడలు తిప్పమ్మ జారి పడి నడుము విరిగి మంచం పట్టింది. ఇప్పుడు అరవై దాటిన హొన్నమ్మే దిగుతాంది.

"నేను గూడా పడితే మంచంలో ఉండేదానికి గంజి పోసేవాళ్ళు లేరప్పా. ఇంకోసారి రాయి" అనింది.

నీళ్ళు మంచివో కావో తెలుసుకునేదానికి మా పక్క ఆడోళ్ళకు ఒకటే లెక్క. పప్పుకు వేసే కందిబ్యాళ్ళు ఉడకాల. ఉప్పునీళ్ళలో పొద్దంతా ఉడకబెట్టినా పలుకు పోదు. హొన్నమ్మ ఊరి చుట్టూ పదకొండు తావుల నీళ్ళు మోసుకొచ్చి, ఒక్కో తావుకు పిడికెడు బ్యాళ్ళు వేసి ఉడకబెట్టి చూసింది. పది తావుల్లో ఉడకలేదు. బొమ్మన్న బావి నీళ్ళల్లోనే మెత్తగా మెదిగినాయి. "బోరు ఆ బావి పక్కనే వెయ్యాల. ఇంక యాడ వేసినా దండగ. ఈ మాట బాగా రాయి" అని మూడుసార్లు చెప్పింది.

"రాస్తాలే హొన్నక్కా" అన్న్యా.

అందరికీ చెప్పేదే ఆమెకూ చెప్పినా. అర్జీ ఇచ్చినాక ఆఫీసర్ల ముందర నోరు తెరవొద్దు. మీరొకటంటారు, కాగితం ఇంకొకటంటుంది, ఉండే పని చెడుతుంది. కాగితమే మాట్లాడాల. అందుకే వేలిముద్ర వేయించకముందు రాసిందంతా తెలుగులో చదివి వినిపిస్తా. వాళ్ళు ఊ అన్నాకే ముద్ర. ముప్పై ఏండ్లలో ఒక్కసారీ తప్పలేదు.

6 జూన్, శనివారం

శనిమహాత్ముని గుడికొచ్చిన జనంతో బస్టాండు కిటకిటలాడతాంది. వాళ్ళను తోసుకొని లక్ష్మీదేవి రూముకు పోయినా. లక్ష్మీదేవి మా చెల్లెలి కూతురు. తుమకూరులో కంప్యూటరు నేర్చుకొనొచ్చి, బస్టాండు ఎదురుగా టైలరంగడి మేడ మీద రూము తీసి మూడు నెలలయింది. ఇంతవరకు నేను మెట్లెక్కలే. ఎందుకెక్కాల?

నేను చెప్తాంటే ఆ పాప ఇంగ్లీషులో టకటకా కొట్టింది. ఎనిమిదో క్లాసు వరకు నా దగ్గరే ఇంగ్లీషు నేర్చుకునింది, ఆ మాట ఇప్పుడు జ్ఞాపకముండాదో లేదో. కొట్టినంతసేపూ మాటల కింద వంకర గీతలు పడతానే ఉన్నాయి. ఎర్రవి, పచ్చవి.

"అవేందే?"

"ఎర్రగీతంటే మాట తప్పు మామా. పచ్చగీతంటే వాక్యం బాగలేదు, ఇంకోసారి చూసుకోమని. రాత సరిచేసే ప్రోగ్రాము ఉండాది దీంట్లో."

ఎర్రగీతలు యాడ పడినాయంటే, హొన్నమ్మ తప్పు. మంగళవాడ తప్పు. పావగడ తప్పు. కింద సంజీవప్ప కూడా తప్పే. నవ్వాలో ఏడవాలో తెలీలే. "నన్నే తప్పంటాదా ఇది!" అంటే లక్ష్మీదేవి పకపకా నవ్వింది. "దానికి మనం తెలీదు మామా, తెలియజెప్పాల" అని ఏదో నొక్కింది. గీతలు పోయినాయి. నా పేరును ఒప్పుకునింది మహాతల్లి.

చివర్లో ఒక పట్టీ చూపిచ్చింది. ఎన్ని మాటలు, ఎన్ని వాక్యాలు, చదివేదానికి ఎంత సులువు. సులువుకు నూటికి ఇన్నని మార్కులు. జాస్తి వస్తే మంచిది.

నాకు 31.

ఫెయిలు.

8 జూన్, సోమవారం

కరెంటు లేదు. సాయంత్రం నాలుగింటి వరకు ఆ మేడ మెట్ల మీదనే కూచున్న్యా.

10 జూన్, బుధవారం

నిజం రాసుకోవాలంటే ఆ యంత్రం అన్నదాంట్లో చానా న్యాయముండాది. ఒక్క అర్జీలో 'వినయపూర్వకంగా వేడుకుంటున్నాము' అని ఐదుసార్లు రాసినాను. ఎవురు జేసినారో తెలీకుండా 'చేయబడినది', 'పంపబడినది' అని తొమ్మిదిసార్లు. ముప్పై ఏండ్లుగా ఇట్లనే రాస్తాండాను, ఒక్కడు కూడా చెప్పలే. చెప్పేవాళ్ళు ఎవురుండారు? రాయించుకునేవాళ్ళకు చదువు రాదు, చదివేవాళ్ళకు తీరిక లేదు. నా రాతను మొదటి నుంచి చివరిదాకా వదలకుండా చదివింది ఇంతవరకు ఇదొక్కటే. అది తలుచుకుంటే ఏందో మాదిరి అయింది.

వేడుకోళ్ళు నాలుగు తీసేసినా. 44. 'బడినది'లు తీసి ఎవురు చేసినారో వాళ్ళ పేర్లు పెట్టినా. 52. తీసేసినాక చదివితే నిజంగానే బాగుండాది. మనిషి నిటారుగా నిలబడి అడిగినట్లుండాది.

ఒక్కో మార్కుకు ఒక్కో కాగితం దాచిపెట్టమని లక్ష్మీదేవికి చెప్పినా. కంప్యూటరులో వాటి పేర్లు కూడా 31, 44, 52. ఎంత పైకొచ్చినానో చూసుకోవద్దా మరి.

మధ్యాన్నం సంగటికి ఇంటికి పోలే. రంగక్క సాయంత్రం గిన్నె ముందర పెట్టి, "ఆ పెట్టెనే కట్టుకోకపోయినావా, అదే సంగటి కెలికి పెట్టుండు" అనింది. పెండ్లయి ముప్పై నాలుగేండ్లయినా మా ఇంటామె నోరు మొద్దుబారలే.

12 జూన్, శుక్రవారం

58 దగ్గర నిలిచిపోయింది. పొద్దున్నించి ఏం జేసినా కదలదు.

పేజీ అంతా శుభ్రంగా ఉండాది. ఒక్క వాక్యం కిందనే పచ్చగీత. హొన్నమ్మ పదకొండు తావుల నీళ్ళు తెచ్చి బ్యాళ్ళు ఉడకబెట్టింది, బొమ్మన్న బావి నీళ్ళల్లో మాత్రమే ఉడికినాయి, అందుకే బోరు ఆ బావి పక్కనే వెయ్యాల. అరవై ఎనిమిది మాటల వాక్యం. పొడుగెక్కువ, తిరిగి చూసుకోమంటాది యంత్రం. రెండు ముక్కలు చేస్తే పేజీ దాటి కింద మూడు వరసలు పడతాండాయి.

"అట్లే వదిలేస్తే ఏమయితాది మామా? వద్దంటే గీత పోతుంది. అది అడిగేదే గానీ చెయ్యమని గొంతు మీద కూచోదు" అనింది లక్ష్మీదేవి.

నాకు తెలీదా?

బెంగళూరులో అంత పెద్ద ఆఫీసరు కందిబ్యాళ్ళ కథ చదువుతాడా? బోరు యాడ వెయ్యాలో చూసుకునేదానికి వాళ్ళకు ఇంజినీర్లు ఉండారు, మిషన్లు ఉండాయి. అదీగాక ఒక పేజీ దాటితే చూడరని వాళ్ళే రాసినారు. ఆమె పని కావాలనే కదా నేను ఇంత తన్నుకులాడేది.

పనయిపోయింది. 71.

13 జూన్, శనివారం

హొన్నమ్మ వచ్చింది. తెలుగులో చదివి వినిపించినా. బ్యాళ్ళ సంగతి వచ్చేసరికి నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. "బలే రాసినావు రైటరప్పా, నేనే మాట్లాడినట్లుండాది" అనింది. వేలిముద్ర వేసింది. బస్సు టైమయింది, బిరబిరా పోయింది.

రిజిస్టరు పోస్టులో పంపినా.

29 జూన్, సోమవారం

రెండు పదున్ల వాన. ధైర్యం చేసినోళ్ళు శెనక్కాయ విత్తుతాండారు.

14 జూలై, మంగళవారం

బోరు శాంక్షనయింది! ఒక్క నెల! నాలుగు పేజీలు రాస్తే మడత విప్పలేదు, ఒక్క పేజీ పోతే బోరు లారీ వస్తాంది! హొన్నమ్మ పల్లె నుంచి పదిమంది వచ్చి మేజా చుట్టూ నిలబడినారు. ఎవురో టీ చెప్పినారు. పెద్దతిమ్మప్ప, ఎప్పుడూ నన్ను మెచ్చుకోని ముసిలాయప్ప, "కంప్యూటరు రాత కదప్పా, గట్టిగా తగిలింది" అన్న్యాడు.

కంప్యూటరు రాతంట! రాసింది నేను కాదా?

అయినా ఈ పొద్దు ఎవురి మీదా కోపం రాలే. ఇంటికి పోయి రంగక్కకు చెప్తే, "ఆ యమ్మ ఇంక బావి దిగేది తప్పుతుంది" అని కండ్లొత్తుకునింది. నాకు కూడా కండ్లలో నీళ్ళొచ్చినాయి.

20 జూలై, సోమవారం

బోరు లారీ ఎల్లుండి వస్తుందంట. జయరామప్ప అనే ఇంజినీరు దగ్గరుండి వేయిస్తాడంట. నన్నూ రమ్మని హొన్నమ్మ మనిషితో చెప్పి పంపింది. నేను పోయి చేసేదేముంది. కాగితం పోయింది కదా.

23 జూలై, గురువారం

బోరు పడింది. రెండొందల పది అడుగులకు నీళ్ళొచ్చినాయి. ఇస్కూలు పక్కన వేసినారంట. బొమ్మన్న చేనికి లారీ పోయే దారి లేదులే. ఇస్కూలయితే రోడ్డు పక్కన.

నీళ్ళు నీళ్ళే.

24 జూలై, శుక్రవారం

నీళ్ళయితే పడినాయి కదా.

2 ఆగస్టు, ఆదివారం

"ఊరంతా నీ బోరు నీ బోరంటాంటే ఒక్కసారి పోయి చూడకపోతివే" అనింది రంగక్క. ఎండగా ఉండాదన్న్యా. ఆకాశమంతా మోడం పట్టి ఉండాది. ఆమె ఆకాశం చూసింది, నన్ను చూసింది.

9 ఆగస్టు, ఆదివారం

ఇంటికే వచ్చింది హొన్నమ్మ. టిఫినుగిన్నె మూత తీసి నా ముందర పెట్టింది. కందిబ్యాళ్ళు. ఒకటి నోట్లో వేసుకుంటే పంటికింద రాయి మాదిరి తగిలింది.

"కొత్త బోరు నీళ్ళప్పా. పొద్దున పొయ్యి మీద పెడితే పొద్దు వాలినా ఉడకలే. గొడ్లు గూడా మూతి పెట్టి తిప్పేసుకుంటాండాయి. నేను బావే దిగుతాండా."

కాలు చూపిచ్చింది. మోకాలి కింద జానెడు చర్మం చీరుకుపోయి ఉండాది. రాయి జారిందంట. కొమ్మ పట్టుకొని నిలుచుకునిందంట.

"బోరు వేసేటప్పుడు నువ్వు ఆడనే ఉంటివి కదక్కా?" అన్న్యా. ఎందుకడిగినానో నాకే తెలీదు.

"ఆడనే ఉంటి. ఆ ఇంజినీరప్ప చేతిలో మన కాగితముండాది. నా మాట దాంట్లో ఉండాది కదా, చదివే వచ్చినాడు. చదివి గూడా ఇస్కూలు పక్కనే వేస్తాండాడంటే ఏదో లెక్కుంటుందిలే అనుకుంటి. నోరు తెరవద్దని నువ్వే చెప్తివి. నోరు మూసుకొని నిలబడుకుంటి." గిన్నె మూత పెట్టుకుంటా అడిగింది, "నా మాట ఎందుకు కాదన్న్యారో ఆ ఆఫీసోళ్ళు నీకేమన్నా రాసినారాప్పా?"

రాయలేదని చెప్పినా. అది అబద్ధం కాదు.

దిక్కుమాలిన యంత్రం! పచ్చగీతలు పెట్టి పెట్టి మనిషి మాటలన్నీ పీకేసింది. ఉప్పూ కారం తెలీని పెట్టెకు బ్యాళ్ళ సంగతి ఏం తెలుస్తుంది? మనుషులు రాసుకునేదాంట్లో దానికేం పని? రాసేవాడు ఎవుడూ దాని దగ్గరికి పోగూడదు.

10 ఆగస్టు, సోమవారం

ఆ మేడెక్కి లక్ష్మీదేవిని నోటికొచ్చినట్లు తిట్టినా. నీ పెట్టె ఒక పల్లె గొంతు కోసింది అన్న్యా. ఇద్దరు ముగ్గురు కూచోని ఉండారు, వాళ్ళ ముందరే. ఆ పాప వాళ్ళు పోయేవరకు కాచుకొని, కంప్యూటరులో ఒక కాగితం తీసింది. దాని పేరు 58. హొన్నమ్మ వాక్యం పదిలంగా ఉండాది, కింద పచ్చగీత. ఇంకోటి తీసింది. దాని పేరు 71. వాక్యం లేదు.

"పెట్టె అడిగింది మామా. కొట్టేసింది నువ్వు. నన్ను లేపి నువ్వే కుర్చీలో కూచొని కొట్టేస్తివి. ఒక్కో అక్షరం చెరిపేసే మీట యాడుందని గూడా నన్నే అడిగితివి."

ఆమె కండ్లలో నీళ్ళు. అయినా 58ని అచ్చు తీసి నా చేతిలో పెట్టింది.

11 ఆగస్టు, మంగళవారం

మేజా దగ్గరికి పోలే. జ్వరమని చెప్పమన్న్యా రంగక్కకు.

ఇది నా డైరీ. దీన్ని ఎవురూ చదవరు. దీంట్లో కూడా దాచిపెట్టుకున్న్యానంటే నేనేం మనిషిని.

జూన్ 13న హొన్నమ్మకు చదివి వినిపించినా అని రాసుకున్న్యాను. చదివింది 71 కాదు. సంచిలో నా చేతిరాత పాత కాగితం ఉండాది, నాలుగు పేజీలది. దాన్ని తీసి చదివినా. ఆమె ముద్ర వేసింది మాత్రం 71 మీద. ఆ మాట లేదని తెలిస్తే ఆమె ఒప్పుకోదని నాకు తెలుసు. ఒప్పుకోకపోతే మళ్ళీ 58. అది నాకు ఇష్టం లేకపోయింది.

ఇంతే. బస్సు టైమూ కాదు, బెంగళూరు ఆఫీసరూ కాదు, పేజీ దాటిందనేదీ కాదు. పదమూడు మార్కులు. యాభై ఆరేండ్ల మనిషిని, పిల్లోని మాదిరి పదమూడు మార్కులకు ఆశపడినా.

యంత్రం మంచిదా చెడ్డదా అని పొద్దున్నించి ఆలోచన చేస్తాండా. అది లేకపోతే బోరు లారీ వచ్చుండదు, నాలుగు పేజీలు మడత విప్పకుండానే మళ్ళీ వచ్చుండు. అది నా తప్పులు చూపిచ్చింది, ఇంకెవురూ చూపియ్యలే. ఆ పొద్దు అది చెప్పింది ఆ వాక్యం పొడుగుండాదని. పొడుగుండింది నిజమే. అది ఎందుకంత పొడుగుండాదో దానికి తెలీదు, తెలిసే దారి లేదు. పదకొండు కడవలు మోసిన మనిషి నా ముందర కూచొని చెప్పింది. తెలిసింది నాకు.

లక్ష్మీదేవికి క్షమించమని చెప్పాల. అంతకంటే ముందు ఇంకోచోటికి పోవాల. పోబుద్ధి కావడం లే.

16 ఆగస్టు, ఆదివారం

పోయినా.

రంగక్కకు అంతా చెప్పినా ముందు. తిడుతుందనుకుంటి. తిట్టలే. చెప్పులు తెచ్చి వాకిట్లో పెట్టి, "పో" అనింది.

నేను పోయేసరికి హొన్నమ్మ ఇంట్లో లేదు. మంచంలో నుంచి తిప్పమ్మ "బావికి పోయింది మామా" అనింది. బొమ్మన్న చేనికి నడిచినా. గట్టు మీద నిలబడి తొంగి చూస్తే లోపల తల ఒక్కటే కనపడతాంది, తెల్లవెంట్రుకలు. చెంబు రాయికి తగిలి టంగుమంటాంది. పిలిస్తే ఎక్కడ జారుతుందోనని పిలవలే. నడుముకు కట్టుకున్న తాడుకు కడవ వేలాడదీసుకొని, ఒక్కో రాయి తడుముకుంటా పైకొచ్చింది. చివరి రాయి కాడ చెయ్యి అందిచ్చినా. అప్పుడు చూసింది నన్ను.

ఆడనే చెప్పేసినా, గట్టు మీద. మాట కొట్టేసింది నేనే అని. చదివింది ఒకటి, ముద్ర వేయించింది ఇంకొకటి అని. మార్కుల సంగతి కూడా చెప్పినా.

ఆమె కడవ దించుకొని కూచునింది. తిట్టుంటే బాగుండు, చెంప మీద రెండు పెరికుంటే ఇంకా బాగుండు.

"నువ్వు రాసినావనుకొని నేను నోరు మూసుకుంటి రైటరప్పా" అనింది చివరికి. "రాయలేదని తెలిసుంటే ఆ లారీ ముందర పడుకొని అరిచుందు. నా నోరుండాది కదా నాకు. దాన్ని గూడా నువ్వే తీసుకొని పెట్టుకుంటివి."

కడవ నేను ఎత్తుకుంటా అంటే ఇయ్యలే.

19 ఆగస్టు, బుధవారం

పొద్దున లక్ష్మీదేవి కాళ్ళు పట్టుకోబోతే, "ఏందిది మామా, చూసినోళ్ళు నవ్వుతారు" అని వెనక్కి దూకింది. బొమ్మన్న బావి పక్కన ఇంకో బోరు వెయ్యమని ఇద్దరం కూచొని కొత్త అర్జీ కొట్టినాము. ఒక పేజీనే. యంత్రం చెప్పిన నాలుగు తప్పులు సరిచేసుకున్న్యా. హొన్నమ్మ వాక్యం కింద పచ్చగీత అట్లే ఉండాది. మార్కులు చూపియ్యబోతే వద్దన్న్యా. అచ్చు తీస్తే కాగితం మీద పచ్చగీత పడలే. అది అచ్చులోకి రాదంట, రాసేవాళ్ళకు మాత్రమే కనపడుతుందంట.

మధ్యాన్నం బస్సుకు పల్లెకు పోయి, తిప్పమ్మ మంచం పక్కన కూచొని చదివి వినిపించినా. ఈసారి చేతిలో ఉండే కాగితమే చదివినా. ఒక్కో మాట కింద వేలు పెట్టి చదివినా, చదువు రాకపోయినా హొన్నమ్మ వేలునే చూస్తాండాది. బ్యాళ్ళ మాట వచ్చినాక చెయ్యెత్తింది.

"ఆపు. అది తప్పు."

వేలు ఆడనే నిలిపినా. "ఏం తప్పక్కా?"

"పదకొండంటివి. పన్నెండు చెయ్యి. ఇస్కూలు పక్క నీళ్ళు గూడా ఉడకబెట్టినా కద."

శుభ్రంగా అచ్చయిన కాగితం మీద పదకొండును కొట్టేసి, పైన పెన్నుతో పన్నెండు రాసినా. అక్షరం వంకరపోయింది. మళ్ళీ మొదటినుంచి చదవమనింది, చదివినా. అప్పుడు ముద్ర వేసింది.

టిఫినుగిన్నెలు రెండు కడిగి బోర్లించింది. ఒకదాంట్లో ఉడికినవి, ఇంకోదాంట్లో ఉడకనివి పెట్టుకొని శుక్రవారం బెంగళూరుకు వస్తుందంట. ఆ ఉత్తరాది ఆయప్ప ముందర తానే మాట్లాడుతుందంట.

"నువ్వు గూడా రా, ఇంగ్లీషుకు" అనింది. "నేను చెప్పింది చెప్పినట్లు చెప్పు. నేను అడిగేవరకు నోరు తెరవొద్దు."